పాత లాప్‌టాప్ హార్డ్ డిస్క్: పెండింగ్ సెక్టార్లు 18, సీఆర్‌సీ ఎర్రర్లు 412. చెక్‌డిస్క్ నడపవచ్చా?

మెట్టదారి:

తొమ్మిదేళ్ల లాప్‌టాప్. లోపల మొదటి నుంచీ ఉన్న డిస్కే: 500 జీబీ, 2.5 అంగుళాలు, 5400 ఆర్‌పీఎం, సాటా. ర్యామ్ 8 జీబీ, విండోస్ 10.

రెండు వారాలుగా కనిపిస్తున్నవి ఇవి. ఏదైనా ఫోల్డర్ తెరిస్తే మెషీన్ పది ఇరవై సెకన్లు బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది. ఆ సమయంలో టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100 శాతం చూపిస్తుంది, చదివే వేగం మాత్రం సున్నా. కొన్ని ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేస్తుంటే మధ్యలో ఆగి "డేటా ఎర్రర్, సైక్లిక్ రిడండెన్సీ చెక్" అంటోంది. నిన్న ఆన్ చేయగానే డ్రైవ్‌ని స్కాన్ చేసి రిపేర్ చేస్తానని విండోస్ మొదలుపెట్టింది. కీ నొక్కి ఆపేశాను.

డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో పసుపు రంగులో "కాషన్" చూపిస్తోంది. రా వాల్యూలు, ముందున్న సున్నాలు తీసేసి: 05 దగ్గర 8, 09 దగ్గర 5120, సి1 దగ్గర 64000, సి5 దగ్గర 18, సి6 దగ్గర కూడా 18, సి7 దగ్గర 412. ఉష్ణోగ్రత 44 డిగ్రీలు. టకటకమనే శబ్దమేమీ లేదు. బయోస్‌లోని షార్ట్ టెస్ట్ పాస్ అయింది.

అడగదలచుకున్నవి: ఇది డిస్క్ లోపమా, కేబుల్ లోపమా? విండోస్‌లో డిస్క్‌ని స్కాన్ చేసి రిపేర్ చేసే చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ నడిపితే బాగుపడుతుందా? 480 జీబీ ఎస్‌ఎస్‌డీ ఒకటి చేతిలో ఉంది, నేరుగా దానిలోకి క్లోన్ చేయొచ్చా? బ్యాకప్ మూడు నెలల కిందటిది.


నల్లపలక:

చెక్‌డిస్క్ ఇప్పుడు వద్దండి. నిన్న దాన్ని ఆపడం మంచిపనే. ఎందుకో చెప్పేముందు మీ అంకెలు సరిగ్గా చదువుకుందాం.

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో రా వాల్యూలను మామూలుగా హెక్సాలో, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా ఉండే లెక్కలో చూపిస్తుంది. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, అందులో రా వాల్యూస్ దగ్గర 10 అనే దాన్ని ఎంచుకుంటే మనకు అలవాటైన అంకెల్లోకి మారుతుంది. మీవి మారిస్తే ఇలా వస్తాయి: డ్రైవ్ నడిచిన గంటలు 20,768. తొమ్మిదేళ్లకు రోజుకు ఆరు గంటల పైచిలుకు, నమ్మదగ్గ లెక్కే. డేటా చదివి రాసే హెడ్ పార్క్ అయిన సార్లు 4,09,600. లాప్‌టాప్ డ్రైవ్‌లకు కంపెనీలు సాధారణంగా 3 లక్షలో 6 లక్షలో హద్దు చెబుతాయి, కాబట్టి డ్రైవ్ బాగానే అరిగింది. సి7, అంటే సీఆర్‌సీ ఎర్రర్లు, 1,042. అసలు సంగతి సి5, అంటే పెండింగ్ సెక్టార్లు. అక్కడ ఉన్నది 18 కాదు, 24.

24 అంకెను గమనించండి. ఇప్పటి డ్రైవ్‌లు బయటికి 512 బైట్ల సెక్టార్లు చూపించినా, లోపల తిరిగే పళ్లెం, అంటే ప్లాటర్ మీద 4,096 బైట్ల ముక్కలుగా రాస్తాయి. ఒక అసలు సెక్టార్ చెడితే బయటికి ఎనిమిది చెడినట్టు కనిపిస్తుంది. అంటే 24ను మూడు చోట్ల దెబ్బగా చదువుకోవాలి. 05 దగ్గరి 8 అంటే ఒక చోటు ఇప్పటికే స్పేర్ సెక్టార్‌కి మారిపోయింది. మొత్తం నాలుగు మచ్చలు. చూస్తే తక్కువే. కానీ అవి ఎన్ని అన్నదానికంటే పెరుగుతున్నాయా లేదా అన్నది ముఖ్యం.

పెండింగ్ అంటే ఏమిటంటే, డ్రైవ్ ఆ సెక్టార్‌ని చదవబోయింది, ఎర్రర్ కరెక్షన్ కోడ్‌తో సరిదిద్దబోయింది, రెండూ కుదరలేదు. అక్కడున్న డేటా ఏమిటో దానికి తెలియదు కనుక వేరే చోటికి మార్చలేదు. ఎప్పుడైనా చదవగలిగితేనో, ఎవరైనా దానిపై కొత్త డేటా రాస్తేనో తప్ప ఆ లెక్క తగ్గదు. మెషీన్ బిగుసుకుపోయేదీ ఇందుకే. డ్రైవ్ ఆ ఒక్క చోటు మీదే పదేపదే ప్రయత్నిస్తుంది, విండోస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది.

చెక్‌డిస్క్ స్లాష్ ఆర్ ఈ పరిస్థితిలో రెండు విధాల చెడుపు చేస్తుంది. ఒకటి, ఖాళీ స్థలంతో సహా డిస్క్ అంతా చదువుతుంది. అరిగిన హెడ్‌కి అదంతా అనవసరపు శ్రమ, పైగా మీ డేటా మరో చోట భద్రపడదు. రెండు, అది రాస్తుంది. ఫోల్డర్ సూచిక ఉన్న సెక్టార్ చదవలేకపోతే ఆ సూచికను కత్తిరించి, దొరికిన ముక్కలను ఫౌండ్ 000 అనే ఫోల్డర్‌లో పేర్లు లేకుండా పడేస్తుంది. రికవరీ సాఫ్ట్‌వేర్‌కి దొరకాల్సిన ఆధారాలు అలా చెరిగిపోతాయి. చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను పొందికగా ఉంచడం. మీ ఫైళ్లను కాపాడటం దాని పని కాదు.

బయోస్ షార్ట్ టెస్ట్ పాస్ అయిందంటే ధైర్యపడకండి. అది రెండు నిమిషాల్లో ముగిసే పరీక్ష, ప్లాటర్‌లో కొద్ది భాగమే చూస్తుంది. స్మార్ట్‌లో (డ్రైవ్ తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే ఈ అంకెల పట్టిక) "పాస్" అనే మాట కూడా తయారీదారు పెట్టిన గడప దాటలేదని మాత్రమే చెబుతుంది, ఆ గడప చాలా దూరంగా ఉంటుంది. 2007లో గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డ్రైవ్‌లను పరిశీలించి ప్రచురించిన పత్రంలో, స్కాన్ ఎర్రర్ మొదటిసారి కనబడిన డ్రైవ్ 60 రోజుల్లోపు పోయే అవకాశం ఆ ఎర్రర్ లేనివాటికంటే 39 రెట్లని తేలింది. అదే పత్రం ఇంకో మాట కూడా చెప్పింది: పోయిన డ్రైవ్‌లలో మూడో వంతుకు పైగా ఏ స్మార్ట్ సంకేతమూ ఇవ్వకుండానే పోయాయి. మీ డ్రైవ్ ముందుగా చెప్పింది. ఆ సమయాన్ని కాపీకి వాడుకోండి.

ఈలోపు లాప్‌టాప్‌ని ఆఫ్‌లోనే ఉంచండి. విండోస్ ఊరికే ఆన్‌లో ఉన్నా ఇండెక్సింగ్, యాంటీవైరస్, అప్‌డేట్లు డిస్క్‌ని తిప్పుతూనే ఉంటాయి.


తీగలపెట్టె:

నల్లపలక గారు చెప్పినదానికి ఒక చేర్పు. ఈ తికమక చాలామందికి వస్తుంది కాబట్టి చెప్పి తీరాలి. విండోస్ చూపించే "సైక్లిక్ రిడండెన్సీ చెక్" సందేశానికీ, స్మార్ట్‌లోని సి7 లెక్కకూ పేరు ఒకటే, విషయం వేరు. విండోస్ ఆ సందేశం ఇచ్చిందంటే సెక్టార్ చదవలేకపోయిందని అర్థం, అంటే సి5 సంగతి. సి7 లెక్కించేది డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య దారిలో డేటా చెడిన సార్లను. దానికి కారణం కేబుల్, కనెక్టర్, అరుదుగా డ్రైవ్ కింది సర్క్యూట్ బోర్డు. ప్లాటర్ కాదు.

సి7 ఒకసారి పెరిగితే ఇక తగ్గదు. 1,042 మొత్తం ఐదేళ్ల కిందట వదులైన కనెక్టర్ వల్ల వచ్చి ఉండొచ్చు. అందుకే ఇవాళ్టి అంకె రాసిపెట్టుకుని, కాపీ పని మొదలయ్యాక మళ్లీ చూడండి. కదలకపోతే వదిలేయండి. పెరుగుతుంటే ఆ దారి ఇప్పటికీ చెడే ఉన్నట్టు, దాన్ని సరిచేయకుండా కాపీ చేస్తే సమయం వృథా.

విండోస్ లాగ్‌లోనూ తేడా తెలుస్తుంది. ఈవెంట్ వ్యూయర్‌లో విండోస్ లాగ్స్, సిస్టమ్. డిస్క్ అనే సోర్స్ నుంచి 7 వస్తే బ్యాడ్ బ్లాక్. 153 అంటే అడిగినదాన్ని మళ్లీ అడగాల్సి వచ్చింది. 51 పేజింగ్ సమయంలో వచ్చిన ఎర్రర్. 129 అంటే డ్రైవ్ ఎంతకీ బదులివ్వక కంట్రోలర్ దాన్ని రీసెట్ చేసింది. ఎన్‌టీఎఫ్‌ఎస్ సోర్స్ నుంచి 55 వస్తే ఫైల్ సిస్టమ్ దెబ్బతింది. 7 ఒక్కటీ లేకుండా 55 మాత్రమే పదేపదే వస్తుంటే డిస్క్‌ని అనుమానించే ముందు ర్యామ్‌ని పరీక్షించాలి, మెమ్‌టెస్ట్ 86 ప్లస్ కనీసం ఒక పూర్తి పాస్. చెడిన ర్యామ్ మంచి డిస్క్ మీద చెత్త రాయగలదు. లైనక్స్‌లో అయితే ఇంకా సులువు. లాగ్ చూపే డీమెసేజ్ ఆదేశంలో యూఎన్‌సీ అని కనిపిస్తే ప్లాటర్, ఐసీఆర్‌సీ అని కనిపిస్తే కేబుల్.

చూడాల్సిన చోటు: పాత లాప్‌టాప్‌లలో చాలావాటికి డ్రైవ్ నేరుగా బోర్డులోకి దిగదు. మధ్యలో సన్నని ఫ్లెక్స్ కేబుల్ ఉంటుంది. ఛార్జర్ తీసి, బ్యాటరీ తీసి, బ్యాటరీ లోపలే ఉంటే దాని కనెక్టర్ విప్పి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. తర్వాత ఫ్లెక్స్ కేబుల్ రెండు చివర్లూ చూడండి. మడత దగ్గర తెల్లగా గీత పడితే లోపలి తీగ విరుగుతున్నట్టు. బోర్డు వైపు కనెక్టర్‌కి చిన్న గొళ్లెం ఉంటే దాన్ని పైకెత్తాకే కేబుల్ లాగాలి, లేకపోతే కనెక్టరే ఊడి వస్తుంది. బంగారు రంగు కాంటాక్టులను రబ్బరుతో రుద్దకండి, పూత పోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన, పోగులు రాలని గుడ్డతో తుడిచి, ఆరాక బిగించండి. పనిలో పనిగా బ్యాటరీ ఉబ్బిందేమో చూడండి. ఉబ్బితే ముందు దాని సంగతి చూసుకోవాలి.


మెట్టదారి:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఈవెంట్ వ్యూయర్ చూశాను. గత పది రోజుల్లో 7 అనేది 61 సార్లు, 153 పదకొండు సార్లు, 129 రెండు సార్లు, 55 ఒకసారి. ఫ్లెక్స్ కేబుల్ తీసి చూస్తే గీతలేమీ లేవు, తుడిచి మళ్లీ బిగించాను. ఇప్పుడు మెషీన్ ఆఫ్‌లో ఉంది. కాపీకి 1 టీబీ బయటి డ్రైవ్ ఖాళీగా ఉంది, ఇంకో కంప్యూటర్ కూడా ఉంది. డిస్క్‌లో నిండింది దాదాపు 310 జీబీ, అందులో నిజంగా పోకూడనివి 40 జీబీ దాకా ఉంటాయి. మొత్తం డిస్క్ ఇమేజ్ (డిస్క్‌కి అచ్చు నకలైన ఒకే ఫైల్) తీయాలా, ఫైళ్లు కాపీ చేయాలా?


చుక్కాని:

ఇమేజ్ తీయండి. దానికి సరైన పనిముట్టు గ్నూ డీడీరెస్క్యూ. విండోస్ క్లోనింగ్ ప్రోగ్రామ్‌లు చాలావరకు మొదటి బ్యాడ్ సెక్టార్ దగ్గరే ఆగిపోతాయి లేదా అక్కడే గంటల తరబడి గింజుకుంటాయి. డీడీరెస్క్యూ తేలిగ్గా వచ్చేదంతా ముందు లాగేస్తుంది, కష్టమైన చోట్లను దాటవేసి చివరికి పెట్టుకుంటుంది. ఏది వచ్చింది, ఏది రాలేదు అన్నది మ్యాప్ ఫైల్‌లో రాసుకుంటుంది కనుక మధ్యలో కరెంటు పోయినా ఆగిన చోటి నుంచే సాగుతుంది.

సిస్టమ్ రెస్క్యూ లైవ్ యూఎస్‌బీతో బూట్ చేయండి. డీడీరెస్క్యూ అందులో ముందే ఉంటుంది, అది డిస్క్‌లను తనంతట తాను మౌంట్ చేయదు, అంటే వాడకానికి తెరవదు. ఉబుంటు లైవ్ వాడితే ప్యాకేజీ పేరు జీడీడీరెస్క్యూ, ముందొక జీ ఎక్కువ. అక్కడ ఫైల్ మేనేజర్‌లో పాత డిస్క్ మీద క్లిక్ చేయకండి, మౌంట్ అయిపోతుంది.

పాత డ్రైవ్ ఎక్కడుండాలి? కేబుల్ బాగుంటే లాప్‌టాప్‌లోనే ఉంచడం మేలు. నేరుగా సాటా మీద ఎర్రర్ సమాచారం శుభ్రంగా వస్తుంది. యూఎస్‌బీ అడాప్టర్లలో కొన్ని బ్యాడ్ సెక్టార్ తగలగానే డిస్కనెక్ట్ అయిపోతాయి. తప్పక యూఎస్‌బీ వాడాలంటే యూఎస్‌బీ 3 పోర్టుకే పెట్టండి. 2.5 అంగుళాల డ్రైవ్ తిరగడం మొదలుపెట్టేటప్పుడు 5 వోల్టుల మీద దాదాపు ఒక ఆంపియర్ లాగుతుంది, యూఎస్‌బీ 2 పోర్టు ఇస్తానని ఒప్పుకునేది 500 మిల్లీఆంపియర్లే. కరెంటు చాలక వచ్చే టిక్ టిక్ శబ్దాన్ని హెడ్ పోయిందనుకుని భయపడేవాళ్లున్నారు.

బూట్ అయ్యాక ఎల్ఎస్‌బీఎల్‌కే ఆదేశంతో ఏ డిస్క్ ఏదో చూడండి. సైజు, మోడల్ పేరు, సీరియల్ నంబర్ మూడూ కలిస్తేనే ముందుకెళ్లండి. మూలం, గమ్యం తారుమారైతే ఉన్నదంతా ఒక్క ఎంటర్‌తో పోతుంది. వరస ఎప్పుడూ ఇదే: మూలం, గమ్యం, మ్యాప్ ఫైల్. గమ్యంగా బయటి డ్రైవ్‌లో ఒక ఇమేజ్ ఫైల్ పేరు ఇవ్వండి. దానికి 500 జీబీ పైన ఖాళీ ఉండాలి, ఫైల్ సిస్టమ్ ఫ్యాట్ 32 కాకూడదు, అందులో ఒక్కో ఫైల్‌కి 4 జీబీ హద్దు. మ్యాప్ ఫైల్‌ని కూడా బయటి డ్రైవ్‌లోనే పెట్టండి. లైవ్ సిస్టమ్‌లో పెడితే రీస్టార్ట్‌తో మాయమవుతుంది.

మొదటి పాస్‌కి చిన్న అక్షరాల్లో మైనస్ డి, మైనస్ ఎన్, మైనస్ బి 4096. డి అంటే కెర్నెల్ క్యాష్‌ని పక్కనబెట్టి నేరుగా చదవడం. ఎన్ అంటే చెడ్డ చోట్లను గీకే దశ ఇప్పుడొద్దని. బి 4096 ఎందుకంటే మీ డ్రైవ్‌లో ఎనిమిది సెక్టార్లు ఒక కట్ట. ఆ మాట చెప్పకపోతే 512 చొప్పున అదే చోటిని ఎనిమిది సార్లు తట్టి చూస్తుంది. ఈ పాస్ బాగా నడిస్తే సగటున సెకనుకు 70, 80 ఎంబీ వస్తుంది, అంటే రెండు గంటల లోపు. బయటి డ్రైవ్ యూఎస్‌బీ 2 మీద ఉంటే నాలుగున్నర గంటలు పట్టొచ్చు. ప్లాటర్ లోపలి అంచుకి వచ్చేసరికి వేగం సగానికి పడుతుంది, అది లోపం కాదు.

రెండో పాస్: మైనస్ ఎన్ తీసేసి, మైనస్ ఆర్ 3 పెట్టి, అవే పేర్లతో, అదే మ్యాప్ ఫైల్‌తో మళ్లీ నడపండి. మిగిలిన చోట్లను మాత్రమే మూడేసి సార్లు ప్రయత్నిస్తుంది. ఇంకా మిగిలితే పెద్ద అక్షరం ఆర్‌తో వెనక నుంచి ముందుకు చదివించండి. హెడ్ అటు నుంచి వచ్చినప్పుడు ఒక్కోసారి సెక్టార్ దొరుకుతుంది.

లైనక్స్ ఒక్కో ఆదేశానికి 30 సెకన్లే ఆగుతుంది. లాప్‌టాప్ డ్రైవ్ అంతకంటే ఎక్కువసేపు తనలో తాను ప్రయత్నిస్తుంటే కెర్నెల్ లింక్‌ని రీసెట్ చేస్తుంది. మీ 129 ఈవెంట్లు విండోస్‌లో జరిగిన అదే తంతు. ఆ డిస్క్‌కి సిస్ ఫోల్డర్ కింద బ్లాక్, డిస్క్ పేరు, డివైస్, టైమౌట్ అనే ఫైల్ ఉంటుంది, అందులో 180 రాస్తే ఈ తగాదా ఉండదు.

ఛార్జర్ పెట్టే ఉంచండి, స్లీప్ ఆపేయండి, గట్టి బల్ల మీద కదలకుండా పెట్టండి. ఉష్ణోగ్రత 50 దాటితే ఫ్యాన్ గాలి తగిలేలా చూడండి. ఈ డ్రైవ్‌లకు సాధారణంగా 60 డిగ్రీలే పై హద్దు. ఏ క్షణంలోనైనా టక్, టక్ అని లయగా కొట్టుకోవడం మొదలైతే వెంటనే పవర్ తీసేయండి. అది హెడ్ దారి దొరక్క వెనక్కి వచ్చి కొట్టుకునే శబ్దం. అక్కడి నుంచి సాఫ్ట్‌వేర్ పని కాదు, క్లీన్ రూమ్ ఉన్న రికవరీ ల్యాబ్ పని. ఫ్రీజర్‌లో పెట్టడం, మూత విప్పి చూడటం లాంటివి ఎవరు చెప్పినా చేయకండి. ఫ్రీజర్ నుంచి తీయగానే ప్లాటర్ మీద తేమ పడుతుంది, మూత విప్పితే ధూళి కణమే హెడ్ కింద రాయి అవుతుంది.


తీగలపెట్టె:

చుక్కాని గారితో ఒక్క దగ్గర విభేదిస్తాను. పోకూడనివి 40 జీబీయేనని మెట్టదారి గారే చెప్పారు. డ్రైవ్ ఇంకా మౌంట్ అవుతోంది, ఫోల్డర్లు కనిపిస్తున్నాయి. అలాంటప్పుడు ముందు ఆ 40 జీబీ తీసుకుని, ఆ తర్వాత ఇమేజ్‌కి వెళ్లాలి. ఇమేజ్ మధ్యలో 60 శాతం దగ్గర డ్రైవ్ చనిపోతే, కావాల్సిన ఫైళ్లు మిగతా 40 శాతంలో ఉండిపోవచ్చు.

ఎక్స్‌ప్లోరర్‌తో లాగి వదలొద్దు, ఒక్క ఫైల్ దగ్గర ఎర్రర్ వస్తే పని మొత్తం నిలిచిపోతుంది. డిస్క్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి లైనక్స్ నుంచి ఆర్‌సింక్ అనే కాపీ ఆదేశం వాడటం ఉత్తమం. చదవలేని ఫైల్‌ని నమోదు చేసి తర్వాతిదానికి వెళుతుంది. విండోస్ నుంచే తప్పదనుకుంటే రోబోకాపీ. కానీ స్లాష్ ఆర్ కోలన్ 0, స్లాష్ డబ్ల్యూ కోలన్ 0 తప్పనిసరి. ఇవి ఇవ్వకపోతే అది చదవలేని ఒక్కో ఫైల్‌ని పది లక్షల సార్లు, ప్రతిసారీ 30 సెకన్లు ఆగి ప్రయత్నిస్తుంది. చెడిపోతున్న డ్రైవ్‌కి అంతకంటే హాని లేదు.


చుక్కాని:

ఒప్పుకుంటాను, ఈ కేసులో అది సబబే. మచ్చలు మూడే ఉన్నాయి, శబ్దం లేదు. పెండింగ్ వందల్లో ఉన్నా, ఫోల్డర్ తెరవడానికే నిమిషాలు పట్టినా మాత్రం ఫైల్ కాపీ వద్దు. చిన్న ఫైళ్ల కోసం హెడ్ అటూ ఇటూ పరుగెడుతుంది, ఇమేజ్ అయితే వరసగా ఒక్క దారిన పోతుంది. అక్కడ నేరుగా ఇమేజే.

విండోస్‌ని ఫాస్ట్ స్టార్టప్‌తో ఆపి ఉంటే లైనక్స్ ఆ పార్టిషన్ హైబర్నేట్ అయి ఉందంటుంది. రీడ్ ఓన్లీగా మౌంట్ చేస్తే చాలు, దాన్ని సరిచేయడానికి మళ్లీ విండోస్‌లోకి వెళ్లక్కర్లేదు. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీ ముందే చేతిలో పెట్టుకోండి.


మెట్టదారి:

పూర్తయింది. ఆర్‌సింక్‌తో 40 జీబీ తీశాను, రెండు ఫైళ్లు మాత్రం రాలేదు: ఒక ఫొటో, ఒక వీడియో. తర్వాత డీడీరెస్క్యూ. మొదటి పాస్ 1 గంట 52 నిమిషాలు. రెండో పాస్ తర్వాత రానిది 8,192 బైట్లు, వెనక నుంచి చదివించాక 4,096 బైట్లు. సి7 ఇంకా 1,042 దగ్గరే ఉంది. సి5 ఇప్పుడు 8.

మిగిలిన ఆ 4,096 బైట్లు ఏ ఫైల్‌లోవో కనుక్కునే దారి ఉందా? 480 జీబీ ఎస్‌ఎస్‌డీ సంగతి కూడా చెప్పండి.


చుక్కాని:

సి7 కదల్లేదు కాబట్టి కేబుల్ మాట అయిపోయింది. సి5 24 నుంచి 8కి దిగడానికి కారణం, రెండు చోట్ల డ్రైవ్ ఎట్టకేలకు చదవగలగడం.

ఫైల్ కనుక్కోవడానికి డీడీరెస్క్యూలోనే ఫిల్ మోడ్ ఉంది. ముందు ఇమేజ్‌కి ఇంకో కాపీ తీసుకుని దాని మీదే ఈ పని చేయండి, మ్యాప్ ఫైల్‌కి కూడా కాపీ తీయండి. ఎక్కడా దొరకని ఒక మాటను చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాయండి. ఫిల్ మోడ్‌కి మైనస్ గుర్తు ఇచ్చి, మూలంగా ఆ టెక్స్ట్ ఫైల్‌నీ, గమ్యంగా ఇమేజ్ కాపీనీ, చివర మ్యాప్‌నీ ఇస్తే, చదవలేని చోట్లను ఆ మాటతో నింపుతుంది. తర్వాత ఇమేజ్‌ని రీడ్ ఓన్లీగా మౌంట్ చేసి ఆ మాట కోసం గ్రెప్‌తో వెతికితే, అది దొరికిన ఫైలే దెబ్బతిన్న ఫైల్. ఎక్కడా దొరకకపోతే ఆ చోటు ఖాళీ స్థలంలోనో, ఫైల్ సిస్టమ్ సొంత సూచికల్లోనో ఉన్నట్టు.

బయటి డ్రైవ్‌లో రెండో కాపీకి చోటు సరిపోకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్ 3జీ పనిముట్లలో ఎన్‌టీఎఫ్‌ఎస్ క్లస్టర్ ఉంది. సెక్టార్ నంబర్ ఇస్తే ఫైల్ పేరు చెబుతుంది. పార్టిషన్ మొదలయ్యే చోటిని ఆ నంబర్‌లోంచి తీసేయడం మరవకండి. చాలామంది పొరబడేది అక్కడే.


నల్లపలక:

ఎస్‌ఎస్‌డీ గురించి. నేరుగా దించడం కుదరదు. 500 జీబీ డిస్క్ అంటే 50,010,78,62,016 బైట్లు. 480 జీబీ ఎస్‌ఎస్‌డీ అంటే 48,010,39,81,056. దాదాపు రెండు వేల కోట్ల బైట్లు తక్కువ. ఇమేజ్ చివర తెగిపోతుంది, జీపీటీ పార్టిషన్ పట్టిక రెండో కాపీ ఉండేది సరిగ్గా ఆ చివరే. పార్టిషన్‌ని కుదించి దించే మార్గాలున్నాయి. అయినా దెబ్బతిన్న విండోస్‌ని మోసుకెళ్లడం కంటే కొత్తగా ఇన్‌స్టాల్ చేసి, ఇమేజ్‌లోంచి ఫైళ్లు కాపీ చేసుకోవడమే మంచిది. ఈవెంట్ 55 ఒకసారి వచ్చింది కాబట్టి ఇంకా ఎక్కువగా ఆ మాట అంటాను. పైగా విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, తొమ్మిదేళ్ల ప్రాసెసర్ విండోస్ 11 అధికారిక జాబితాలో ఉండే అవకాశం తక్కువ. ఏ సిస్టమ్ వేసుకోవాలో నిర్ణయించుకోవడానికి ఇదే అదను.

ఎప్పుడైనా చెడిన డిస్క్ నుంచి ఎన్‌టీఎఫ్‌ఎస్‌ని ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేసేవాళ్లకు ఒక మాట. చెక్‌డిస్క్ పాత డిస్క్‌లో బ్యాడ్ అని గుర్తుపెట్టిన క్లస్టర్లు ఆ జాబితాతో సహా కొత్తదానిలోకి వస్తాయి. కొత్త డ్రైవ్‌లో బ్యాడ్ సెక్టార్లని చూపిస్తే కంగారుపడక, చెక్‌డిస్క్ స్లాష్ బి నడిపితే ఆ చోట్లను మళ్లీ పరీక్షించి జాబితా సరిచేస్తుంది.

బిగించేటప్పుడు మందం చూడండి. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లు, ఎస్‌ఎస్‌డీ 7 అయితే 2.5 మిల్లీమీటర్ల స్పేసర్ కావాలి, లేకపోతే కనెక్టర్ మీద బరువు పడి మళ్లీ సి7 మొదలవుతుంది. బయోస్‌లో సాటా మోడ్ ఏహెచ్‌సీఐ ఉందో లేదో ఇన్‌స్టాల్ చేయకముందే చూసుకోండి. ఇన్‌స్టాల్ అయ్యాక మారిస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు.

పాత డిస్క్‌కి ఇంకో బాధ్యత అప్పగించవద్దు. ఏ స్థితిలో ఉందో తెలుసుకోవాలనుకుంటే, ఫైళ్లన్నీ తెరుచుకుంటున్నాయని రూఢి అయ్యాక, క్విక్ గుర్తు తీసేసి పూర్తి ఫార్మాట్ చేయండి. విస్టా నుంచి ఇటు విండోస్ పూర్తి ఫార్మాట్ అంటే డిస్క్ అంతా సున్నాలు రాయడమే. రాసినప్పుడు పెండింగ్ సెక్టార్ తేలిపోతుంది. సి5 సున్నా అయి 05 ఎనిమిది దగ్గరే ఉంటే అప్పట్లో రాత సరిగ్గా పడలేదంతే. 05 పెరిగితే ప్లాటరే దెబ్బతింది. తర్వాత స్మార్ట్ లాంగ్ టెస్ట్, ఈ సైజుకి రెండు గంటల దాకా పడుతుంది. అది ఆగిపోతే మొదటి ఎర్రర్ ఎక్కడొచ్చిందో లాగ్‌లో ఉంటుంది. పాస్ అయినా సరే, ఇంకెక్కడా లేని ఫైల్ ఒక్కటి కూడా అందులో ఉంచకండి.


మెట్టదారి:

ఫిల్ మోడ్ పనిచేసింది. ఆ మాట దొరికింది వీడియోలోనే. ఫొటో ఇమేజ్‌లోంచి పూర్తిగా వచ్చింది, తెరుచుకుంది. వీడియో ఆ చోట అర సెకను గళ్లుగళ్లుగా కనిపించి మళ్లీ బాగానే నడుస్తోంది. ఎస్‌ఎస్‌డీకి 2.5 మిల్లీమీటర్ల స్పేసర్ పెట్టి బిగించాను, ఏహెచ్‌సీఐ ఉంది.


తీగలపెట్టె:

సాటా ఎస్‌ఎస్‌డీలలో చాలావాటికి కూడా స్మార్ట్‌లో సి7 ఉంటుంది. కొత్తది కాబట్టి సున్నా నుంచి మొదలై ఉండాలి. ఒక రోజు మామూలుగా వాడి, ఓ పది జీబీ అటూ ఇటూ కాపీ చేసి చూడండి. సున్నా దగ్గరే ఉంటే పాత 1,042 ఎప్పటిదో. ఒక్కటి పెరిగినా ఫ్లెక్స్ కేబుల్ మార్చండి, గీత కనబడకపోయినా సరే.

పాత డిస్క్ పారేసేముందు ఎన్‌హాన్స్‌డ్ సెక్యూర్ ఎరేజ్ (డ్రైవ్ తనను తానే పూర్తిగా చెరుపుకునే ఆదేశం) చేయండి. మామూలుగా సున్నాలు రాస్తే స్పేర్‌కి మారిపోయిన పాత సెక్టార్‌లోని డేటా అక్కడే ఉండిపోతుంది. ఎరేజ్ మధ్యలో ఆగిపోతే ప్లాటర్‌ని పగలగొట్టాల్సిందే. 2.5 అంగుళాల డ్రైవ్‌లలో ప్లాటర్ చాలావరకు గాజుది, ముక్కలై ఎగురుతుంది. మందపాటి గుడ్డలో చుట్టి, కళ్లజోడు పెట్టుకుని కొట్టండి.